బడి నెంబరు చూసి ఇల్లు మారే ముందు



ఈ మధ్య మన గ్రూపులో ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "మావాడికి ఎనిమిదో గ్రేడ్ అయిపోతోంది, ఏ హైస్కూల్ మంచిది? ఏ అపార్ట్‌మెంట్‌లో దిగితే ఆ స్కూల్ వస్తుంది?" జవాబులు కూడా నిమిషాల్లో వచ్చి పడుతున్నాయి. గ్రీన్ హోప్ అని ఒకరు, పాంథర్ క్రీక్ అని ఇంకొకరు, వాటి కింద ఏదో వెబ్‌సైట్ ఇచ్చిన పదికి తొమ్మిది, పదికి పది అనే స్క్రీన్‌షాట్లు.

ఆ బడులు మంచివి కావని మేం అనడం లేదు. కానీ ఆ నెంబరు చూసి మనోళ్లు ఏం చేస్తున్నారో కాస్త ఆగి చూడాలి. నెలకు కొన్ని వందల డాలర్లు ఎక్కువ అద్దెకు ఒప్పుకుంటున్నారు. ఆ వందల కోసం నాన్న గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు కూడా పట్టుకుంటున్నాడు. అమ్మ రెస్టారెంట్ కిచెన్ నుంచి వచ్చి, మళ్లీ ఇంకొకరి ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి పోతోంది. పదికి పది బడి దొరికింది గానీ, సాయంత్రం ఇంట్లో ఆ పిల్లతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి లేకుండా పోయాడు.

ఇంతకీ ఆ నెంబరు ఏం చెప్తుంది? వెబ్‌సైట్ల సంగతి పక్కన పెట్టి, రాష్ట్రం ఇచ్చేదే చూద్దాం. నార్త్ కరోలినాలో ప్రతి ప్రభుత్వ బడికీ ఏ నుంచి ఎఫ్ వరకు ఒక అక్షరం ఇస్తారు. దీనికి 2013లో చట్టం చేశారు. ఆ అక్షరంలో 80 శాతం వాటా పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారన్నదానికే. అంటే పరీక్షల్లో ఎందరు గట్టెక్కారు, ఎందరు హైస్కూల్ పూర్తి చేశారు లాంటి లెక్కలు. ఒక్క ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకు కదిలారన్నదానికి 20 శాతమే.

మనలో కిచెన్‌లో పనిచేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మేలు రకం బాస్మతి, లేత మాంసం, అసలు కుంకుమపువ్వు తెచ్చి ఇచ్చి, బిర్యానీ బాగుందంటే అందులో వంటవాడి గొప్ప ఎంత? నూకలతో కడుపు నిండా రుచిగా పెట్టేవాడిది కదా చెయ్యి. అమ్మానాన్న ఇద్దరూ ఇంజినీర్లు, ట్యూషన్ ఉంది, తనకంటూ ఒక గది ఉంది. అలాంటి పిల్లలు ఎక్కువగా చేరే బడికి మంచి అక్షరం రావడం వింతేం కాదు. ఆ అక్షరంలో బడి పని కొంత, ఆ చుట్టుపక్కల ఇళ్ల ఆదాయం కొంత కలిసి ఉంటాయి. మీ అబ్బాయికి ఆ ఇళ్ల ఆదాయం రాదు. వచ్చేది బడి చేసే పని మాత్రమే. అందుకే రాష్ట్రం రిపోర్టు కార్డులో అక్షరం దగ్గర ఆగిపోకుండా 'గ్రోత్' అన్న వరుస కూడా చూడండి. అంచనాను మించిందా, అందుకుందా, అందుకోలేదా అని అక్కడ విడిగా రాసి ఉంటుంది.

ఈ సంగతి వేక్ కౌంటీకి తెలియనిది కాదు. 2000లో ఇక్కడి స్కూల్ బోర్డు ఒక నియమం పెట్టుకుంది. ఏ బడిలోనూ ఉచిత, తగ్గింపు ధర లంచ్‌కు అర్హులైన పిల్లలు 40 శాతం దాటకుండా చూడాలని. పేద పిల్లలందరినీ ఒకేచోట పోగేస్తే ఆ బడి ఎంత కష్టపడినా లేవదని వాళ్లకు అర్థమైంది. పదేళ్లు నడిచింది. పిల్లల్ని బస్సుల్లో దూరం పంపుతున్నారన్న కోపం పెరిగి, బోర్డు మారి, 2010లో ఆ పద్ధతి తీసేశారు. అప్పటినుంచి ఏ పేటలో ఉంటావు అన్నదానికి విలువ ఇంకా పెరిగింది. ఆ విలువనే మనం అద్దె రూపంలో కడుతున్నాం.

పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చినవాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది. ఇక్కడ సంపాదించి అక్కడ ఏదో కార్పొరేట్ కాలేజీకి కడుతున్నాం. టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు అరుస్తుంటే మనవాడి నెంబరు కూడా అందులో వినిపిస్తుందనుకుంటాం. లోపల జరిగేది వేరు. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టి, మంచి లెక్చరర్లను పై బ్యాచ్‌కి ఇచ్చి, మిగతావాళ్ల ఫీజులతో ఆ బ్యాచ్‌ని మేపే చోట్లు తక్కువేం లేవు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతడకగా వచ్చినప్పుడు ఏం జరిగిందో మరిచిపోలేం. ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల మెమో ఒక్కటే తమ విలువ అని ఆ పిల్లలకు నేర్పింది బోర్డు ఒక్కటే కాదు. కాలేజీలు నేర్పాయి, ఇళ్లలో మనమూ నేర్పాం. (ఇక్కడ మీ ఇంట్లో ఎవరికైనా మనసు అంత బరువుగా ఉంటే 988 కి ఫోన్ చేయొచ్చు, ఏ వేళైనా. ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు.)

అదే నేల మీద ఇంకో కథ కూడా ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ, చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఎవరెస్టు గొప్పే, కానీ మాకు అంతకంటే గొప్పగా తోచేది భువనగిరి గుట్ట. కూలీల పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి తాళ్లు కట్టి, 'ఎక్కు, పడితే మేం పట్టుకుంటాం' అనాలని ఒక సర్కారు బడికి తట్టింది చూశారా, అది. పరీక్ష పేపర్లో పూర్ణలోని ఆ మనిషి ఎప్పటికీ కనపడేది కాదు. ప్రతి గురుకులమూ అలా ఉందని కాదు. భోజనం వికటించి పిల్లలు ఆస్పత్రి పాలైన వార్తలు కూడా మనం చదువుతూనే ఉన్నాం.

మరి ఇక్కడ మోరిస్‌విల్‌లో మనలాంటివాళ్లు ఏం చూడాలి? మా లెక్క ఒకటే. ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్లకు ఈ బడి ఏం చేస్తుంది? తెలివైన పిల్లను ఎవరైనా చదివిస్తారు. రెండు రోజులు రాని పిల్ల సంగతి ఎవరు కనుక్కుంటారు? రికార్డు చేసిన గొంతు ఫోన్ చేస్తుందా, మనిషి చేస్తాడా? కౌన్సెలర్ ఒక్కరికి ఎంతమంది పిల్లలు? 250 మందికి ఒకరు ఉండాలని ఇక్కడి స్కూల్ కౌన్సెలర్ల సంఘమే అంటుంది. మీ బడిలో ఎంతో అడగడంలో తప్పులేదు. సాయంత్రం క్లబ్బో ఆటో అయ్యాక ఇంటికి తెచ్చే బస్సు ఉందా? ఇది చిన్న ప్రశ్న కాదు. బస్సు లేకపోతే రోబోటిక్స్, డిబేట్, బ్యాండ్ అన్నీ కారున్న అమ్మల పిల్లలకే. షిఫ్టులో ఉన్న అమ్మ పిల్ల మూడింటికి ఇల్లు చేరి ఫోన్ పట్టుకు కూర్చుంటుంది.

లంచ్ సంగతి చెప్పుకోవడానికి మనోళ్లు సిగ్గుపడతారు. సిగ్గెందుకు? ఆ ఫారం ఏటా కొత్తగా నింపాలి. వీసా సంగతి అందులో అడగరు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే లేదని టిక్ పెట్టడానికి గడి ఉంటుంది. బడిలో చేర్చుకోవడానికీ అంతే. కాగితాలు లేవని పిల్లల్ని బడికి రానివ్వకుండా ఆపకూడదని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇది అన్ని బడులకూ ఒకటే చట్టం. తేడా తెలిసేది ఆఫీసు కౌంటర్ దగ్గర, మీ మొహం చూసి వాళ్లు మాట్లాడే తీరులో. ఇల్లు మారకముందే ఒకసారి వెళ్లి ఆ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి.

ఇంకొకటి, ఇది కొందరికి నచ్చదు. హైస్కూల్‌లో చేతిపని నేర్పితే మనోళ్లు మొహం తిప్పుకుంటారు. వేక్ టెక్ కాలేజీతో కలిసి 2014లో మొదలైన వర్నన్ మలోన్ అనే హైస్కూల్ రాలీలో ఉంది. మామూలు చదువుతో పాటు వెల్డింగ్, ఏసీ పని, కాస్మెటాలజీ లాంటివి నేర్పుతారు, కాలేజీ క్రెడిట్లు కూడా వస్తాయి. ఎనిమిదో గ్రేడ్‌లో ఉండగానే దరఖాస్తు పెట్టాలి. ఏ హైస్కూల్‌లో ఉన్నా, 'కెరీర్ అండ్ కాలేజ్ ప్రామిస్' కింద అర్హత ఉంటే కమ్యూనిటీ కాలేజీ క్లాసులు ట్యూషన్ ఫీజు లేకుండా చదవొచ్చు. వేల డాలర్లు మిగిలే సంగతి ఇది, మన గ్రూపులో ఎవరూ దీని గురించి అడగరు. మనం బతుకుతున్నది చేతిపని మీదే. పిల్లల ముందు మాత్రం 'చదవకపోతే నాలాగే అవుతావు' అని మన పనిని శిక్షలా చూపిస్తున్నాం.

ఆగస్టులో హైస్కూళ్లు తెరిచే ముందు ఓపెన్ హౌస్ ఉంటుంది. ఒక పూట జీతం పోయినా వెళ్లండి. మాట్లాడటానికి పిల్లల్ని మధ్యలో పెట్టుకోకండి. పిల్లాడి మీద టీచర్ చెప్పే ఫిర్యాదును పిల్లాడితోనే తెలుగులో చెప్పించుకుంటే, 'బాగా చదువుతున్నానంటున్నారమ్మా' అనే వస్తుంది. ఫెడరల్ డబ్బు తీసుకునే బడి తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో సంగతులు చెప్పాలన్న బాధ్యత 1964 పౌరహక్కుల చట్టం నుంచే వస్తోంది. ముందే ఆఫీసుకు ఫోన్ చేసి "ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అనండి, అని లైన్‌లోనే ఉండండి. తమిళమో హిందీయో వచ్చే మనిషిని కలిపితే సర్దుకుపోకండి. మళ్లీ ఇంకోసారి "తెలుగు" అని చెప్పండి.