నొప్పి ఒకరిది, సుత్తి ఒకరిది

చేతిపనిలో ఎవరైనా కొత్తదనం చూపితే ‘వాడిది దేవుడిచ్చిన బుర్ర’ అని ఒక మాట అనేసి ఊరుకోవడం పల్లెల్లో అలవాటు. ఆ మాటతో మెచ్చుకోవడమూ అయిపోతుంది, బాధ్యతా తీరిపోతుంది. దేవుడే ఇచ్చి ఉంటే ఇక ఊరు చేయవలసింది ఏముంటుంది! కాని యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆలేరు పక్కనున్న శారాజీపేట సంగతి చూస్తే ఈ మాట సగమే నిజమని తేలుతుంది.

పోచంపల్లి చీర ధర అడిగేవారు చాలామంది. ఆసు సంగతి అడిగేవారు తక్కువ. చిటికీ కట్టి రంగు వేయడానికి ముందు పేక నూలును అర్ధచంద్రాకారపు చట్రం మీద వరుసగా ఉన్న మేకుల చుట్టూ ఒక్కొక్క పోగుగా చేత్తో తిప్పాలి. అదే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18 వేల సార్లు. ఊరికే తిరిగేవాణ్ణి ‘ఆసులో కండెలా తిరుగుతున్నాడు’ అని వెక్కిరించే వారికి, ఆ తిరుగుడు వెనుక ఒక భుజం ఉందన్న సంగతి గుర్తుకు రాదు. ఆ భుజం చాలావరకు ఇంటి ఆడవారిదే. నేసినవారి కూలి లెక్కలో వారి నొప్పికి వేరే పద్దు ఉండదు.

శారాజీపేటలో 1972లో పుట్టిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆ పని చేసిన మనిషే. రాత్రయితే భుజాలు, మోచేతులు పట్టేసి ఆమె పడే బాధను కొడుకు చిన్నప్పటి నుంచీ చూశాడు. చదువు ఆరో తరగతితో ఆగింది. ఆసు పోసే యంత్రం చేయాలని 1992 ప్రాంతంలో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఒక్కొక్క భాగమే కుదుర్చుకుంటూ వచ్చాడు. చేతిలో డబ్బు లేక అప్పులు చేశాడు. ఎగతాళి పడ్డాడు. చివరకు హైదరాబాదు వెళ్లి కరెంటు పనిలో కుదురుకుని, మిగిలిన కూలి డబ్బులతో భాగాలు కొన్నాడు. కుదరని ఒక కదలిక బాలానగర్‌లోని ఒక కార్ఖానాలో వేరే యంత్రం మీద కనబడింది. దాంతో 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో సినిమా కూడా వచ్చింది.

ఈ కథ జిల్లాలో తెలియనివారు లేరు. కాని దానిలోని అసలు ప్రశ్నను ఎవరూ అడగరు. ఆసు నిన్న మొన్నటి పని కాదు. ఎన్నో ఏళ్లుగా ఎన్నో ఇళ్లలో ఎందరో తల్లులకు భుజాలు పడిపోయాయి. అంతకాలం ఈ యంత్రం ఎందుకు రాలేదు? ఆ తల్లులకు బుర్ర లేక కాదు. అంతమంది చేతులు పోగును తడబడకుండా మేకు మీద వేస్తున్నాయంటే అదే పెద్ద బుర్ర. నొప్పి తెలిసిన చేతికి సుత్తి, రెంచీ అందలేదు. సుత్తి, రెంచీ పట్టిన చేతులకు ఆ నొప్పి తెలియలేదు. కమ్మరికి నాగలి సంగతి తెలుసు. ఎందుకంటే రైతు కొలిమి దగ్గర కూర్చుని కర్రు ఎక్కడ విరిగిందో చెబుతాడు. ఆసు పోసే ఆడమనిషి ఏ కొలిమి దగ్గర కూర్చుని చెప్పగలదు? మల్లేశం ఆ రెండింటి మధ్య పడ్డాడు. ఇంట్లో తల్లి, పట్నంలో కార్ఖానా. రెండూ ఒకే తలలో కలిశాయి గనుకనే యంత్రం పుట్టింది.

ఒంటరి మేధావిని ఎంత పొగిడినా, ఇరుగుపొరుగు లేనిదే కొత్త ఆలోచన నిలవదు. పోచంపల్లి నేతే అందుకు సాక్ష్యం. ఆ విద్య చీరాల వైపు నుంచి వచ్చింది. వచ్చింది వచ్చినట్టే ఉండిపోలేదు. రుమాళ్లు నేసిన మగ్గాలు చీరలకు, నూలు నేసిన చేతులు పట్టుకు అలవాటు పడ్డాయి. సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక తేలియా రుమాలునే తీసుకుందాం. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి ఎండబెడితే ఎర్రరంగు పోగుకు పట్టి నిలుస్తుందని మొదట కనిపెట్టింది ఎవరో ఏ కాగితంలోనూ లేదు. ఆ ఊరికి 2011లోనూ 2013లోనూ పద్మశ్రీలు రావడం, రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కడం అందరూ ఎరిగినవే. పేరు తెలియని ఆ మొదటి మనిషి తనకు తెలిసింది పక్కింటి వారికి చెప్పాడు గనుక ఇవన్నీ వచ్చాయి.

‘ఇదంతా బాగానే ఉంది, మగ్గం మీద పిల్లవాణ్ణి కూర్చోబెడితే అన్నం ఎవరు పెడతారు?’ అని నేతకుటుంబాలు అడుగుతున్నాయి. ఆ ప్రశ్నకు గౌరవం ఇవ్వవలసిందే. నూలు ధర పెరిగి, మరమగ్గం నకిలీ సగం ధరకు అమ్ముడుపోతుంటే కొడుకును ఈ వృత్తిలో ఉంచాలని ఏ తండ్రీ కోరుకోడు. పిల్లలంతా నేతలోనే ఉండాలన్నది ఇక్కడ వాదన కాదు. మగ్గం వదిలిన పిల్లవాడు దేనిలోకి వెళుతున్నాడన్నదే ప్రశ్న. పదో తరగతి కాగానే పట్నం హాస్టల్లో పడేసి, తెల్లవారుజామున లేపి, రాత్రి దాకా ప్రశ్నాపత్రాలు తిప్పిస్తున్నారు. రెండేళ్లు ఇంటి పని కంటబడదు, ఊరి పని చేతికి తగలదు. ర్యాంకు వస్తే మంచిదే. కాని తల్లి భుజం నొప్పి ఎక్కడ పుడుతుందో చూసే తీరిక ఆ పిల్లవాడికి ఎప్పుడు దొరుకుతుంది?

ఇంట్లో రేడియో విప్పిన పిల్లవాడికి దెబ్బలు తప్పవు. దీనికి డబ్బు లేమి ఒక కారణం. పాడైతే మళ్లీ కొనలేరు. పాడుచేయడానికి వీలున్న చోటు ఇంటి బయట ఉండవలసింది అందుకే. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకం కింద ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. ఉద్దేశం గొప్పది. అయితే ఇలా వచ్చిన సామాను లెక్క చెప్పవలసి వస్తుందన్న భయంతో బీరువాలో భద్రం చేస్తే, అది అధికారులు వచ్చిన రోజు చూపించే బొమ్మల కొలువే అవుతుంది. విరిగిన పనిముట్టుకు ఉపాధ్యాయుణ్ణి జవాబు అడగడం మానితే గాని ఆ తలుపు తెరుచుకోదు.

గ్రంథాలయాల సంగతీ ఇంతే. షబ్నవీసు వెంకట రామ నరసింహారావు 1922లోనే నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక నడిపిన నేల ఇది. తెలుగులో అక్షరం అచ్చు వేయడమే కష్టమైన నిజాం రోజులవి. ఇప్పుడు ఇంటి పన్ను కట్టే ప్రతి గడపా దానితో పాటు నూటికి 8 చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతోంది. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు సకాలంలో జమ చేయవన్నది ఏళ్ల తరబడి వినవస్తున్న ఫిర్యాదే. దినపత్రిక, పోటీ పరీక్షల పుస్తకాలు తప్ప మరేమీ లేని గదిలో మోటారు ఎలా తిరుగుతుందో, రంగు నూలుకు ఎందుకు పడుతుందో చెప్పే తెలుగు పుస్తకం ఒక్కటైనా ఉంటే ఎంత మేలో, మొబైల్లో వీడియోలు చూసే ఈ కాలంలోనూ ఊహించవచ్చు. వీడియో చూపినంత చూపిస్తుంది. పుస్తకం ఆగి మళ్లీ చదవనిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆడపిల్లల సంగతి. నాట్లు వేసే నడుము నొప్పి, పత్తి తీసే వేళ్ల కోతలు, బీడీలు చుట్టే మెడ నొప్పి ఎవరికి తెలుసు? వారికే. ఇంట్లో ఫ్యాను ఆగితే పిలిచేది తమ్ముణ్ణి. స్క్రూడ్రైవరు అక్క చేతికి ఇచ్చే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. లక్ష్మి బాధను కొడుకు చూశాడు గనుక యంత్రం వచ్చింది. లక్ష్మికే పనిముట్టు అంది ఉంటే ఎన్నేళ్ల ముందు వచ్చేదో!

రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరపాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. రోడ్డు, మోరీ, వీధిదీపాల తరువాత ఆ సభలో సెస్సు లెక్క అడగవచ్చు. బడిలో ప్రయోగాల గది ఉంటే దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటోందో, వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారో, లోపలికి వెళ్లేవారిలో ఆడపిల్లలు ఎందరో కూడా అడగవచ్చు.