రాత్రి రెండింటికి వచ్చే ఫోన్ ఎత్తండి

మందుల ఫ్యాక్టరీల యజమానులకు, ప్లాంట్ హెడ్‌లకు,



2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయారు. ఏడాది తిరక్కుండానే, 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో యాభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. పేలుళ్లు ఎందుకు జరిగాయో తేల్చడం విచారణ కమిటీల పని. నేను అడిగేది వేరు. ఏదో తేడాగా ఉందని ముందే అనిపించిన మనిషి మీ ప్లాంట్‌లో ఆ మాట ఎవరితో చెప్పగలడు?

రసాయన ప్లాంట్లలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేసి రిటైరైనవాణ్ణి. గాస్కెట్ దగ్గర చెమ్మ, పంపు చప్పుడులో మార్పు, కూలింగ్ తిరుగుతున్నా దిగని రియాక్టర్ ఉష్ణోగ్రత... ఇవి అందరికంటే ముందు తెలిసేది అక్కడ నిలబడ్డ హెల్పర్‌కి. అతను కాంట్రాక్టు మనిషి, చాలాచోట్ల తెలుగు కూడా రాదు. వచ్చీరాని మాటల్లో "సార్, వాసనొస్తోంది" అంటాడు. "వాసన రాకపోతే మందుల కంపెనీ ఎట్లా అవుతుందిరా?" అని సూపర్‌వైజర్ నవ్వేస్తాడు. ఆ కుర్రాడు మళ్లీ నోరెత్తడు. పక్కనుండి విన్న నలుగురూ అంతే.

పై మెట్టు మీదా ఇదే కథ. రాత్రి రెండింటికి ఇన్‌చార్జి ఫోన్ చేసి బ్యాచ్ ఆపుతానంటే, అటునుంచి మొదటి మాట "డిస్పాచ్ ఎప్పుడో తెలుసా?" అయితే, ఆ ఫోన్ ఇంకోసారి రాదు. ఇన్‌చార్జి దేవుడి మీద భారం వేసి బ్యాచ్ నడిపించేస్తాడు.

ఇక గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' బోర్డు. ఆ అంకె పడిపోకూడదని, వేలు నలిగినవాణ్ణి బయటి క్లినిక్‌కు పంపి హాజరు వేయించిన చోట్లు నాకు తెలుసు. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి జట్లలోనే పొరపాట్లు ఎక్కువ నమోదై కనిపించాయి. అక్కడి నర్సులు దాచలేదు మరి. మీ రిజిస్టర్‌లో నియర్ మిస్‌లు (తృటిలో తప్పిన ప్రమాదాలు) సున్నా అని చూపిస్తే సంతోషపడకండి, అనుమానించండి.

ఇదంతా ఉత్పత్తికి అడ్డమనుకుంటారేమో. కానీ గ్యాస్ వాసన గురించి నోరు మెదపనివ్వని భయమే, ల్యాబ్‌లో ఫెయిలైన ఫలితాన్నీ చెరిపిస్తుంది. తప్పుడు డేటా కేసులో మందుల కంపెనీ రాన్‌బాక్సీ 2013లో అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. లోపల వినేవాళ్లు లేకే ఒక ఉద్యోగి బయటికెళ్లి చెప్పాడు.

చట్టం మీకు కొత్తేం కాదు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ, ప్రమాదకర ప్రక్రియలున్న చోట ప్రాణాపాయం తోస్తే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టర్‌కూ ఒకేసారి చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చింది. సేఫ్టీ కమిటీలో సగం చోటూ ఇచ్చింది. ఆ కమిటీ మినిట్స్ ఏడాదివన్నీ ఆడిట్‌కు వారం ముందు ఒకే చేతిరాతతో పుట్టుకురావడం కూడా చూశాను. ఈమధ్య హెచ్ఆర్ వాళ్లు 'సైకలాజికల్ సేఫ్టీ' (భయం లేకుండా నోరు విప్పగలగడం) అని ఏసీ హాల్లో క్లాసులు పెడుతున్నారు. కాంట్రాక్టు కార్మికుణ్ణి వాటికి పిలవరు. ఆ వేళకు అతను డ్రమ్ములు దొర్లిస్తుంటాడు.

మీరు చేయాల్సింది ఇదీ: పని ఆపమన్నవాడికి ఆ షిఫ్ట్ కూలి పూర్తిగా ఇవ్వండి, అతని అనుమానం వట్టిదని తేలినా సరే. అతణ్ణి మర్నాటి నుంచి రావద్దన్న కాంట్రాక్టర్‌ను మార్చండి. ఇన్‌చార్జికి మెమో ఇచ్చేముందు, అతను ఆ విషయం ఇంతకుముందు ఎవరితో చెప్పాడో, వాళ్లేమన్నారో కనుక్కోండి. హెచ్చరికలు హిందీలో, ఒడియాలో కూడా తీసుకోండి.

ఈ నెల సేఫ్టీ కమిటీ సమావేశానికి మీరే వచ్చి కూర్చోండి. అందులో ఒక్క కాంట్రాక్టు కార్మికుడూ కనిపించకపోతే, ఒకరిని పిలిపించేదాకా మొదలుపెట్టకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ షిఫ్ట్ ఇన్‌చార్జి