నమూనాలో మన పేరుకు చోటు

ఇల్లు కట్టదలచినవాడు ముందుగా నాలుగు ఇళ్ళ ప్లానులు చూస్తాడు. గోడ మందం ఎంతో, వంటగది ఏ మూలనో ప్రతిసారీ కొత్తగా కనిపెట్టనవసరం లేదు. ప్రభుత్వం వంటి మహాసంస్థకు కంప్యూటరు వ్యవస్థను రూపొందించడంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఏ శాఖ ఏ పని చేస్తుంది, దానికి ఏ సమాచారం కావాలి, అది ఎవరి వద్ద ఉండాలి అన్న సమగ్ర చిత్రానికి ‘ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్’ అని పేరు. అందరికీ పనికివచ్చేలా ముందే సిద్ధపరచిన చిత్రాలే ‘రిఫరెన్స్ మోడళ్ళు’, అనగా ఆధార నమూనాలు.

ఈ మార్గంలో మన రాష్ట్రం ముందడుగు వేసింది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ఈ-ప్రగతి’ పేరుతో శాఖలన్నింటినీ ఒకే వ్యవస్థగా చూసే ప్రణాళికను చేపట్టింది. 2018లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన ‘ఇండ్‌ఈఏ’ చట్రంలో 8 ఆధార నమూనాలు ఉన్నాయి. దరఖాస్తు, పరిశీలన, మంజూరు, చెల్లింపు అనే వరుస పింఛనుకైనా స్కాలర్‌షిప్పుకైనా ఒక్కటే కదా! దానిని శాఖకొకసారి మొదటినుండి రచించడం కాలహరణమే.

మరొక ఉదాహరణ చూడండి. 2022 ఏప్రిల్ 4న మన చందర్లపాడు కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాకు మారింది. జిల్లా పేరును ఒకేచోట ఉంచి అన్ని శాఖలూ అక్కడినుండే గ్రహిస్తే ఒక్క దిద్దుబాటు చాలు. ఎవరికి వారు రాసుకుంటే ఎన్ని శాఖలో అన్ని దిద్దుబాట్లు!

అయితే నమూనా పనిని త్వరపరుస్తుందే గాని, మన బదులు ఆలోచించదు. పాశ్చాత్యుల ఫారములో వ్యక్తి పేరు ముందు, వంశనామం తరువాత. తెలుగువారికి ఇంటిపేరే ముందు. ముస్లిం సోదరుల పేర్లలో షేక్, సయ్యద్ వంటివి ముందు నిలుస్తాయి. ఉర్దూ లిపిలో ఒకే తీరుగా ఉండే ‘షేక్’ ఇంగ్లీషులో మూడు నాలుగు స్పెల్లింగులు పొందుతుంది. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో మరొకటి ఉంటే యంత్రానికి ఒక్క విద్యార్థి ముగ్గురుగా కనబడతాడు. అర్హత ఉన్నా స్కాలర్‌షిప్ ఆగిపోవచ్చు.

అందుచేత నమూనాను త్రోసిపుచ్చరాదు. అది చూపిన గదులు మన జీవితానికి సరిపోతాయో లేదో పరీక్షించాలి. కంప్యూటరు విద్య నభ్యసించే మిత్రులు ఆ పరీక్షను మన తరగతి హాజరుపట్టీతోనే ఆరంభించవచ్చు. విద్యార్థి చేరిన రోజుననే మూడు పత్రాలలోని పేరును సరిపోల్చి, తేడా ఉంటే దిద్దించుకొమ్మని చెప్పే ఏర్పాటును కళాశాల కమిటీవారు చేయాలి. అరువు తెచ్చిన అంగీనైనా మన కొలతకు కుట్టించుకొనే తొడుక్కోవాలి.