పతకం సరే, ‘వెళ్లను’ అనే హక్కు మాటేమిటి?

2024 జనవరి 26. మనం జెండా ఎగరేసి మిఠాయిలు పంచుకున్న రోజు. ఆ రోజే ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా అనే ట్యాంకరును యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల క్షిపణి తాకింది. లోపల 84 వేల టన్నుల నాఫ్తా. పెట్రోలులాగే భగ్గుమనే సరుకు. ఓడలో 22 మంది మనవాళ్లు, ఒక బంగ్లాదేశీయుడు. కెప్టెన్ అవిలాష్ రావత్ ఓడను వదిలిపోలేదు. సిబ్బందితో కలిసి మంటల మీదికి నురుగు కొట్టించారు, అది అయిపోతే సముద్రపు నీళ్లే కొట్టించారు. మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం వచ్చి చేయి కలిపింది. మరునాటికి మంట ఆరింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆ ఏడాది సాహస పురస్కారం వారికి ఇచ్చింది.

సంతోషం. అయితే అందరికీ పతకం దాకా బతికే అదృష్టం ఉండదు. ఆరు వారాలు తిరక్కుండానే ట్రూ కాన్ఫిడెన్స్ అనే మరో ఓడపై క్షిపణి పడి ముగ్గురు నావికులు చనిపోయారు. అసలు ఆ దారిన వెళ్లాలని ఎవరు నిర్ణయిస్తున్నారు?

ప్రాణరక్షణ కోసం కెప్టెన్ తీసుకునే నిర్ణయానికి ఓనరుగానీ, ఓడను అద్దెకు తీసుకున్నవారుగానీ అడ్డుపడరాదని సముద్రంలో ప్రాణరక్షణకు ఉద్దేశించిన సోలాస్ అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. కాగితం మీద కెప్టెనే రాజు. కానీ ఆ దారి మాని ఆఫ్రికా కింద గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళితే పది రోజులకు పైగా ఆలస్యం, దానికి తగ్గ ఇంధనం. ఆ లెక్కంతా ముందుపెట్టి ‘మీ ఇష్టం కెప్టెన్’ అంటే అది ఇష్టమెలా అవుతుంది? కాదంటే వచ్చే కాంట్రాక్టుకు ఏజెంటు ఫోనెత్తడని ఆయనకూ తెలుసు. కార్మిక సంఘాలతో ఒప్పందం ఉన్న ఓడల్లో రాననే హక్కు ఉంది. లేని ఓడల్లో దిక్కెవరు?

1942 ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసిన సంగతి మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే వారం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిన సంగతి ఎవరూ ఎత్తరు. సరుకు ఓడ మనిషి ఎప్పుడూ ఇలాగే లెక్కలోకి రాడు.

2025లో పార్లమెంటు కొత్త వాణిజ్య నౌకాయాన చట్టం తెచ్చింది. ఇప్పుడు మన షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ చేయాల్సింది ఒకటుంది. యుద్ధ జలాల్లోకి రానన్న కెప్టెన్‌కుగానీ నావికుడికిగానీ ఆ కారణంతో పని నిరాకరించే ఏజెంటు లైసెన్సు రద్దు చేయాలి. చెప్పి వదిలేయకుండా రద్దు చేసి చూపాలి.

జీతం సంగతీ తేల్చాలి. సముద్రపు దొంగలు బందీగా పట్టుకుంటే జీతం ఆగరాదని అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందంలో ఉంది. సైన్యమో సాయుధ ముఠానో యుద్ధం పేరుతో పట్టుకుంటే? ఆ మాట అందులో లేదు. గెలాక్సీ లీడర్ అనే ఓడ సిబ్బంది 25 మంది 2023 నవంబరు నుంచి 2025 జనవరి దాకా, పద్నాలుగు నెలలు, హౌతీల చెరలోనే ఉన్నారు. మన దేశంలో నావికులు సంతకం చేసే ప్రతి కాంట్రాక్టులోనూ అలా పట్టుబడినా జీతం ఆగదనే ఒక్క వాక్యం చేర్చడానికి జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు.