విద్యకు వయస్సు కాదు, వారసుడు

కొరియావారి 'తెక్క్యోన్' లయబద్ధమైన అడుగులతో కదలుచు, ప్రత్యర్థిని కాలితో తన్నియో, కాలడ్డుపెట్టియో పడగొట్టు యుద్ధవిద్య. దాని మూలములను ప్రాచీన గోగుర్యో రాజ్యపు సమాధులలోని గోడచిత్రములందు వెదకువారు కలరు. ఆ భంగిమలు ఈ విద్యవే యనుటకు ఆధారము చాలదు. చాలకున్నను దీని గౌరవమునకు లోటు లేదు. 1910 నుండి 1945 వరకు సాగిన జపాను పాలనలో ఈ విద్య ఇంచుమించు అంతరించినది. సోంగ్ దొక్ గి (1893–1987) తాను చిన్ననాట నేర్చినదానిని మరువక, వృద్ధాప్యమున శిష్యులకు నేర్పెను. ఆ పరంపర నిలిచినందుననే 1983లో దక్షిణ కొరియా ప్రభుత్వము దీనిని సాంస్కృతిక సంపదగా ప్రకటించెను. 2011లో యునెస్కో తన జాబితాలో చేర్చెను. పూర్వవైభవమును పొగడుట సులభము. ఒక్క శిష్యునికి సరిగా నేర్పుట కష్టము. విద్యను బ్రతికించునది ఆ కష్టమే.