రాసుకోవడం అవిశ్వాసం కాదు

ఇరవై ఏడేళ్ల క్రితం మాట. ఆదివారం ఆరాధన ముగిశాక ఇంటర్ పాసైన కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి, ‘అయ్యగారూ, కాలేజీ హాస్టల్లో సీటుకు సంఘ కాపరి ఉత్తరం కావాలంట, శుక్రవారం ఆఖరు తేదీ’ అన్నాడు. ‘రేపు రాసిస్తాలే బాబూ’ అన్నాను. సోమవారం ఒక భూస్థాపన. మంగళవారం పక్క ఊళ్లో పెళ్లి. బుధవారం అతను మా ఇంటికొచ్చి వరండాలో రెండు గంటలు కూర్చుని వెళ్లాడట. నేను గృహ ప్రార్థనలో ఉన్నాను. శనివారం ఉదయం ప్రసంగానికి కాగితాలు తీస్తుంటే ఉత్తరం సంగతి గుర్తొచ్చింది. అప్పటికి తేదీ దాటిపోయింది.

ఆ సాయంత్రం సైకిలు మీద వాళ్లింటికి వెళ్లాను. తప్పు నాదేనని చెప్పేలోపే ఆ కుర్రాడి తల్లి, ‘ప్రభువు చిత్తం కాలేదేమోలెండి అయ్యగారూ, మీరు బాధపడకండి’ అంది. నేను తల ఊపాను. నా ముప్ఫై ఏళ్ల పరిచర్యలో నేను సిగ్గుపడే పనులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఆ తల ఊపడం ఒకటి. అది ప్రభువు చిత్తం కాదు, నా మతిమరుపు. ఒక్క ముక్క కాగితం మీద రాసుకుని ఉంటే ఆ పిల్లవాడికి ఏడాది పోయేది కాదు. ఆ ఏడాదంతా అతను రైసు మిల్లులో బస్తాలు లెక్కపెట్టాడు.

విశ్వాసులమైన మనలో చాలామందికి పనులు ముందుగా రాసుకోవడమంటే ఏదో తక్కువతనం అన్న భావన ఉంది. ‘ఆత్మ నడిపిస్తాడు కదా, లిస్టులెందుకు?’ అంటారు. రేపటిని గూర్చి చింతింపవద్దని ప్రభువే చెప్పాడు కదా (మత్తయి 6:34) అని వాక్యం కూడా చూపిస్తారు. గ్రీకు మూలంలో అక్కడున్న క్రియాపదం ‘మెరిమ్నావో’. అంటే మనసు పీక్కుపోయేలా కలవరపడటం. పాత ఇంగ్లిషు బైబిల్లో దాన్ని ‘థాట్’ అన్న మాటతో అనువదించారు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లిషులో ఆ మాటకు బెంగ అన్న అర్థం కూడా ఉండేది. తర్వాతి కాలంలో చదివిన కొందరు దాన్ని రేపటి గురించి ఆలోచనే వద్దన్నట్టు తీసుకున్నారు. మన తెలుగు అనువాదకులు ‘చింత’ అన్న సరైన మాటే వాడారు. అయినా మన బోధల్లో ఆ పొరపాటు ఎలాగో దూరింది. నిజానికి రేపటి పని కాగితం మీదికి ఎక్కితే రాత్రి చింత తగ్గుతుందే గాని పెరగదు.

యాకోబు పత్రిక నాలుగో అధ్యాయాన్ని కూడా ఇలాగే వాడుకుంటాం. అక్కడ గద్దింపు తిన్నవారు ఫలానా పట్టణానికి వెళ్తాం, ఒక ఏడాది ఉంటాం, లాభం సంపాదిస్తాం అని బీరాలు పలికిన వ్యాపారులు. వారి తప్పు ప్రణాళిక వేసుకోవడం కాదు, రేపు తమ చేతిలో ఉందనుకోవడం. ‘ప్రభువు చిత్తమైతే’ అన్న మాట ఆ గర్వానికి మందుగా ఇచ్చింది. దాన్ని మనం బద్ధకానికి దుప్పటిగా కప్పుకుంటున్నాం.

పౌలు తన మరణం దగ్గర పడిందని తెలిసి చెరసాల నుంచి రాసిన రెండో తిమోతి పత్రిక చివరి అధ్యాయం తీసి చూడండి. విశ్వాసాన్ని కాపాడుకున్నానన్న గొప్ప సాక్ష్యం చెప్పిన వెంటనే ఆయన రాసింది ఒక పనుల చీటీ. త్వరగా బయలుదేరాలి, మార్కును వెంటబెట్టుకుని రావాలి, త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీ తేవాలి, పుస్తకాలు తేవాలి, వాటిలో చర్మపు కాగితాలు మరీ ముఖ్యం, ఇదంతా చలికాలం రాకముందే జరగాలి. నిత్యత్వం అంచున నిలబడిన మనిషికి తన అంగీ ఎవరింట్లో ఉందో గుర్తుంది. దాన్ని రాయడం ఆత్మీయతకు తక్కువనుకోలేదు.

సెమినరీలో మిషనరీ చరిత్ర పాఠంగా చదివిన ఒక ఉత్తరాన్ని ఆ కుర్రాడి సంగతి జరిగిన తర్వాత మళ్లీ తీసి చదివాను. విలియం కేరీ 1806 జూన్‌లో కలకత్తా నుంచి ఇంగ్లండులోని స్నేహితుడు జాన్ రైలాండ్‌కు రాసిన ఉత్తరమది. తనకెందుకు తీరిక ఉండదో తెలియజేయడానికి ఒక్క రోజు ఎలా గడిచిందో గంటల లెక్కన అందులో రాశాడు. ఉదయం పావు తక్కువ ఆరుకు లేచాడు. హెబ్రీ బైబిల్లో ఒక అధ్యాయం, ఏడింటి వరకు ఏకాంత ప్రార్థన, పనివాళ్లతో కలిసి బెంగాలీలో కుటుంబ ప్రార్థన. టీ తయారయ్యేలోపు మున్షీతో పారసీ, ఫలహారానికి ముందు హిందుస్తానీలో లేఖనభాగం. తర్వాత పండితుడితో కూర్చుని పది గంటల వరకు సంస్కృత రామాయణానికి అనువాదం. (కేరీ గారు రామాయణం అనువదించారా అని ఆశ్చర్యపోకండి. ఈ దేశపు భాషల్ని ఆయన ఈ దేశపు గ్రంథాల్లోనే నేర్చుకున్నాడు.) ఒకటిన్నర ప్రాంతం దాకా కాలేజీలో పాఠాలు. వచ్చాక యిర్మీయా గ్రంథం బెంగాలీ ప్రూఫులు. భోజనం చేశాక సాయంత్రం ఆరు వరకు మత్తయి ఎనిమిదో అధ్యాయంలో చాలాభాగం సంస్కృతంలోకి.

ఆరు దాటాక ఒక ‘తెలింగ’ పండితుడితో కూర్చుని ఆయన భాష నేర్చుకోవడం. అంటే మన తెలుగే!

ఆ తర్వాత ఏడున్నరకు ఇంగ్లిషులో ప్రసంగం, రాత్రి తొమ్మిది నుంచి దాదాపు పదకొండు వరకు యెహెజ్కేలు పదకొండో అధ్యాయం బెంగాలీలోకి, అప్పుడు ఈ ఉత్తరం, చివరికి గ్రీకు నిబంధనలో ఒక అధ్యాయం.

ఇది చేయవలసిన పనుల జాబితా కాదు, చేసిన పనుల లెక్క అని మీరనవచ్చు. నిజమే. కానీ ఆయన పడకగది నుంచి బయటికి వచ్చేసరికి మున్షీ ఎదురుచూస్తున్నాడని, ఫలహారం అయ్యేసరికి పండితుడు ఎదురుచూస్తున్నాడని ఆ ఉత్తరంలో ఉంది. గంటలు ముందే నిర్ణయమై ఉంటే తప్ప మనుషులు అలా వచ్చి కూర్చోరు. నన్ను పట్టుకున్న మాట ఆ ‘ఎదురుచూడటం’. నా వరండాలోనూ ఒకడు ఎదురుచూశాడు. కేరీ తన పండితుడి దగ్గరికి వెళ్లాడు. నేను వెళ్లలేదు.

ఆ ఆరు గంటల తెలుగు పాఠం ఏమైందో చూడండి. కొన్నేళ్ల శ్రమతో తెలుగు వ్యాకరణం ఒకటి తయారుచేశాడు. 1812 మార్చి 11న శ్రీరాంపూర్ ముద్రణాలయంలో మంటలు చెలరేగి ఆ రాతప్రతి మొత్తం కాలిపోయింది. దానితోపాటు కన్నడ కొత్త నిబంధన, బహుభాషా నిఘంటువు ప్రతి కూడా బూడిదయ్యాయి. ‘ప్రభువు చిత్తం కాలేదేమో’ అని ఊరుకోవడానికి అంతకంటే మంచి సాకు ఎవరికి దొరుకుతుంది? ఆయన మళ్లీ మొదటి నుంచి రాశాడు. 1814లో ఆ తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1818లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన వెలువడింది. పెద్ద గురి అంటే ఏమిటని యౌవనస్థులు అడిగినప్పుడల్లా నేను ఈ సాయంత్రం ఆరు గంటల సంగతి చెబుతాను. ‘తెలుగువారికి వాక్యం అందించాలి’ అని గోడకు రాసి పెట్టుకుంటే పన్నెండేళ్ల తర్వాత పుస్తకం రాదు. ఫలానా గంటకు ఫలానా మనిషితో కూర్చోవాలి.

మన సంఘాల్లో పెద్ద గురులకు కొదవ లేదు. నేను కాపరిగా ఉన్న ఒక సంఘంలో పాత మినిట్స్ పుస్తకం తిరగేస్తే, సమాధుల తోటకు ప్రహరీ గోడ కట్టించాలన్న తీర్మానం తొమ్మిదేళ్లు వరుసగా కనిపించింది. ప్రతి ఏడాదీ ఒకరు ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు, అందరూ ఆమెన్ అన్నారు. ఎవరు చేయాలో, ఎప్పటికి చేయాలో తొమ్మిదింటిలో ఒక్కదానిలోనూ లేదు. నెహెమ్యా మూడో అధ్యాయాన్ని మనం పేర్ల వరుస అని దాటేస్తాం. గోడ కట్టింది ఆ వరుసే. గొర్రెల గుమ్మం ఎవరిది, చేపల గుమ్మం ఎవరిది, ఎవరి ఇంటి ఎదుటి ముక్క ఎవరిది అన్నీ అందులో ఉన్నాయి. కుమార్తెలతో కలిసి రాళ్లు పేర్చిన షల్లూము ఉన్నాడు. పనికి మెడ వంచని తెకోవ పెద్దమనుషులు కూడా ఉన్నారు (ఆ ఐదో వచనాన్ని కమిటీ మీటింగుల్లో చదవమని నా సలహా). యాభై రెండు రోజుల్లో ప్రాకారం పూర్తయింది. మా గోడ పదో ఏట లేచింది. ఒక రిటైర్డ్ టీచరు గారు ఇటుకలు, సిమెంటు, కూలి అని మూడు చీటీలు రాసి మూడు పేర్లు తగిలించారు, అంతే.

నా పద్ధతి చాలా సాదాది. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఒక నోటు పుస్తకం తీస్తాను. ముందు ఆ రోజు గుడి దగ్గర ఎవరికి ఏం మాటిచ్చానో రాస్తాను, పేరుతో సహా. పక్కన, వాళ్లకు ఎప్పటికి కావాలో ఆ తేదీ వేస్తాను. నాకు ఎప్పుడు వీలవుతుందో అని కాదు. ఆ తర్వాతే నా సొంత పనులు. చివర వారానికి రెండు గంటలు ఏదో ఒక దీర్ఘకాలపు పనికి. మా సంఘ చరిత్ర రాయాలని పన్నెండేళ్లు అనుకున్నాను. ఆ పన్నెండేళ్లలో, పాత సంగతులు తెలిసిన పెద్దవాళ్లను ఒక్కొక్కరినే నా చేతులతో భూస్థాపన చేశాను. చివరికి మంగళ, గురువారాల్లో ఉదయం ఆరు నుంచి ఏడు అని గీత గీసుకున్నాను. పాత బాప్తిస్మపు రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంటే రెండేళ్లలో 140 పేజీలయ్యాయి. ఇప్పటి పిల్లలు ఫోన్లో ఏ యాప్ మంచిదని అడుగుతారు. ఏదైనా ఒకటే. ఫోను మోగుతుంది కానీ, మోగినప్పుడు లేవవలసింది మనమే.

ఇక రెండో వైపు చెప్పకపోతే సగమే చెప్పినట్టు. కేరీ ఉత్తరంలోని ఆ రోజు వివరాన్ని నేను చాలాసార్లు చదివాను. అందులో భార్య డొరతీ ప్రస్తావన లేదు. ఇష్టం లేకుండానే 1793లో భర్త వెంట ఓడెక్కిన స్త్రీ ఆమె. మరుసటి ఏడాది ఐదేళ్ల కొడుకు పీటర్ ఈ నేల మీదే చనిపోయాడు. ఆ తర్వాత ఆమెకు మతి చలించింది. ఈ ఉత్తరం రాసేనాటికి శ్రీరాంపూర్ ఇంట్లో అదే స్థితిలో ఉంది. 1807 డిసెంబరులో కన్నుమూసింది. వారంలో ఎక్కువ రోజులు కేరీ ఉద్యోగం కలకత్తాలో, ఆ రోజు కూడా అక్కడే ఉన్నాడు కనుక ఆమె ఆ లెక్కలో లేదని అనుకోవచ్చు. ఆయన ఆమెను ఇంటి నుంచి పంపివేయలేదన్నది కూడా చెప్పాలి. అయినా అంత నిండైన రోజును చదువుతున్నప్పుడు, అందులో లేని ఆ పేరు నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. పన్నెండేళ్లు జబ్బుతో ఉన్న మనిషిని ఏ గంటలో పెట్టి టిక్కు కొడతాం? కొన్ని పనులు ముగిసేవి కావు. ముగియని పనులు జాబితాల్లోకి ఎక్కవు, ఎక్కనివి నెమ్మదిగా కళ్లకు కనిపించడం మానేస్తాయి.

మన ప్రభువుకూ ఒక రోజు చేతిలో పని ఉంది. యాయీరు కుమార్తె చావు బతుకుల్లో ఉంది, అది నిజంగా తొందర పనే. దారిలో పన్నెండేళ్ల రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ వెనక నుంచి వస్త్రం ముట్టింది. ఆమెకు స్వస్థత కలిగింది, ఆయన ఆగకుండా వెళ్లిపోవచ్చు. ఆగాడు. ముట్టింది ఎవరని అడిగాడు, ఆమె సంగతంతా విన్నాడు. ఆ కాసేపు యాయీరుకు ఎలా గడిచి ఉంటుందో ఒక తండ్రిగా నాకు తెలుసు. ఆ మధ్యలోనే కూతురు చనిపోయిందన్న కబురు కూడా వచ్చింది. అయినా ప్రభువు యాయీరు ఇంటికి వెళ్లడం మానలేదు. దారిలో ఒకరి కోసం ఆగాడు గనుక ఇచ్చిన మాట పోయిందని అనలేదు.

అందుకే నా నోటు పుస్తకంలో ఎడమ పేజీలోనే రాస్తాను, కుడి పేజీ ఖాళీగా వదిలేస్తాను. పిలవకుండా వచ్చినవారి పేర్లు సాయంత్రం అక్కడికి ఎక్కుతాయి. కొన్ని వారాల్లో కుడి పేజీయే నిండుతుంది. మొదట్లో ఆ వారం పాడైపోయిందని విసుక్కునేవాణ్ని.

ఈ వారం ఎడమ పేజీలో ‘పత్రికకు వ్యాసం’ అని ఉంది. దాని కింద ‘ఇంటావిడను కంటి డాక్టరుకు చూపించాలి’ అని ఉంది. ఆ మాట పోయిన వారమూ ఉంది, అంతకు ముందు వారమూ ఉంది. ఆవిడ అడగడం మానేసింది. ఆస్పత్రిలో ఓపీ చీటీలు పన్నెండింటి వరకే ఇస్తారు. ఇప్పుడు పదిన్నరయింది.