పంట నమోదులో కొలత ఎంత తరచుగా ఉండాలి? మెట్ట మండలాల్లో బ్యాటరీ లెక్క

నెల్లూరు జిల్లా అనగానే పెన్నా డెల్టా వరిచేలు తలపునకు వస్తాయి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు సాగే మెట్ట మండలాల స్వభావం వేరు. కొండాపురం వంటి మండలంలో కంది, మినుము, పొగాకు వంటి పంటలు, వాటి మధ్య తోటలు, బీళ్ళు కలగలసి ఉంటాయి. ఒక కమతానికీ పక్క కమతానికీ పంట వేరు, విత్తిన తేదీ వేరు. ఇటువంటి చోట ఈ-పంట నమోదు డెల్టాలో కంటె కష్టమైన పని. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు ప్రారంభమైన తరువాత ఈ పని ప్రధానంగా గ్రామ వ్యవసాయ సహాయకుల బాధ్యత అయినది. కేంద్రాల పేరు ఆ తరువాత రైతు సేవా కేంద్రాలుగా మారినా బాధ్యత మారలేదు. పెట్టుబడి రాయితీకి, పంటల బీమాకు, మద్దతు ధరపై కొనుగోలుకు ఆ నమోదే ఆధారం. కంది వేసిన చేను బీడుగా నమోదైతే నష్టపోయేది రైతే. భూమి ఒకరి పేర, సాగు మరొకరి చేతిలో ఉన్నప్పుడు ఆ నష్టం ముందుగా కౌలు రైతును తాకుతుంది.

నమోదులో దొర్లే లోపాలకు సిబ్బంది కొరత, సర్వర్ మొరాయింపు, శిక్షణ లేమి కారణాలుగా చెప్పబడుతున్నాయి. అవి నిజమే. చేతిలోని ఫోను లేదా ట్యాబ్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందన్న ప్రశ్న మాత్రం సాంకేతిక చర్చల్లో అరుదుగా వినిపిస్తుంది. అది చిల్లర విషయమన్న భావమే అందుకు కారణం కావచ్చును. మధ్యాహ్నం రెండు గంటలకు పరికరం ఆగిపోయిన రోజున మిగిలిన చేల నమోదు ఏమవుతుంది? మరునాటికి వాయిదా పడుతుంది, లేదా కార్యాలయంలో కూర్చొని జ్ఞాపకం మీద పూర్తవుతుంది. గడువు దగ్గర పడినప్పుడు రెండవ మార్గమే సులువు. అప్పుడది శక్తి సమస్యగా మిగలదు, దత్తాంశపు విశ్వసనీయత సమస్య అవుతుంది.

పరికరంపై భారం ఏటేటా పెరుగుతున్నది. 2024 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయల వ్యయంతో ఆమోదించిన డిజిటల్ వ్యవసాయ మిషన్‌లో డిజిటల్ పంట సర్వే ఒక ముఖ్య భాగం. సర్వే చేసే వ్యక్తి కమతం హద్దులోపలే నిలబడి ఛాయాచిత్రం తీయాలన్నది దాని మౌలిక నియమం. నియమం మంచిదే. అయితే ఉపగ్రహ స్థాన నిర్ధారణ, కెమెరా, పటం, వేలిముద్ర, సర్వర్‌తో సంభాషణ ఇవన్నీ ఒకే బ్యాటరీ నుండి శక్తిని తీసుకుంటాయి.

లెక్క చూడవలసి ఉన్నది. 5,000 మిల్లీ ఆంపియర్ గంటల లిథియం అయాన్ బ్యాటరీలో సుమారు 19 వాట్ గంటల శక్తి ఉంటుంది. ఎండలో తెర కనబడాలంటే కాంతి పూర్తిగా పెంచక తప్పదు. తెర, ప్రాసెసరు, ఉపగ్రహ గ్రాహకం కలిసి సగటున రెండున్నర వాట్లు వాడుకొంటాయని అనుకొంటే కొత్త పరికరం ఏడున్నర గంటలు నడుస్తుంది. పాతబడి 70 శాతం సామర్థ్యం మాత్రమే మిగిలిన పరికరం అయిదు గంటల పైచిలుకు నడుస్తుంది. టవరు దూరమై రేడియో భాగం మరొక వాటు తీసుకొంటే ఆ అయిదు గంటలు నాలుగు గంటల లోపుకు కుంచించుకు పోతాయి. ఉదయం ఎనిమిదికి బయలుదేరిన వ్యక్తి పన్నెండుకు ఇంటిముఖం పట్టాలన్నమాట. ఎండ 40 డిగ్రీలకు చేరిన రోజుల్లో పరికరం వేడెక్కి తానే తెర కాంతిని తగ్గించుకొంటుంది, కొన్నిసార్లు చార్జింగును కూడ నిలిపివేస్తుంది.

ఇందులో రేడియో ఖర్చు ప్రత్యేకంగా గమనింపదగినది. సిగ్నల్ బలహీనపడిన కొద్దీ ఫోను తన ప్రసార శక్తిని పెంచుతుంది. సమాచారం చేరకపోతే మళ్ళీ మళ్ళీ పంపుతుంది. అంతేకాక చిన్న సందేశమొకటి పంపిన తరువాత కూడ మోడెం వెంటనే నిద్రపోదు, మరొక సందేశం వస్తుందేమోనని కొన్ని సెకన్లు మేలుకొనే ఉంటుంది. అందువలన అరవై నమోదులను అరవై సార్లు పంపడానికీ, అరవైటినీ సాయంత్రం ఒకేసారి పంపడానికీ ఖర్చులో చాలా వ్యత్యాసం ఉంటుంది. పంపే సమాచారం ఒకటే. మేలుకొని గడిపిన కాలమే వేరు. దీనికి ఛాయాచిత్రాల బరువు తోడవుతుంది. ఒక్కొక్కటి 4 మెగాబైట్ల చొప్పున అరవై చిత్రాలు 240 మెగాబైట్లు. పంట గుర్తింపునకు చాలినంత స్పష్టత ఉంచి 300 కిలోబైట్లకు తగ్గిస్తే మొత్తం 18 మెగాబైట్లు.

ఉపగ్రహ స్థాన నిర్ధారణ విషయంలో అపోహలు ఎక్కువ. జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్యా వివరాలను సెకనుకు 50 బిట్ల వేగంతో పంపుతుంది, వాటిని 30 సెకన్లకొకసారి తిరిగి చెబుతుంది. నెట్‌వర్క్ ఉన్నచోట ఫోను ఈ వివరాలను టవరు ద్వారా క్షణాల్లో తెచ్చుకొంటుంది. లేనిచోట ఆకాశం నుండి నేరుగా అందుకోవాలి కనుక మొదటి చేను వద్ద అర నిమిషమో అంతకంటె ఎక్కువో వేచి ఉండక తప్పదు. ఒకసారి అందిన వివరాలు రెండు మూడు గంటలు పనికివస్తాయి. కాబట్టి చేనుకూ చేనుకూ మధ్య గ్రాహకాన్ని ఆపివేసినా తరువాతి నిర్ధారణ కొద్ది సెకన్లలో వస్తుంది. దారి పొడవునా సెకనుకొకసారి స్థానాన్ని రాసుకొనే యాప్ మాత్రం ప్రాసెసరును నిద్రపోనివ్వదు. అసలు ఖర్చు అక్కడ ఉన్నది.

ఎక్కువ సార్లు కొలిస్తే ఎక్కువ కచ్చితత్వం వస్తుందన్న వాదన వినడానికి బాగుంటుంది. ఒకేచోట నిలబడి ఒక నిమిషంలో తీసుకొన్న అరవై కొలతల్లో దోషం దాదాపు ఒకే దిశగా ఉంటుంది, ఎందుకంటే ఉపగ్రహాల అమరిక, వాతావరణ ప్రభావం ఆ నిమిషంలో మారవు. ఒకే తప్పు తూకపురాయితో అరవైసార్లు తూచినట్లే. తెరిపి ఆకాశం కింద సాధారణ ఫోను దోషం అయిదు మీటర్ల స్థాయిలో ఉంటుంది. ఎకరం చదరంగా ఉన్నదనుకొంటే దాని భుజం సుమారు 64 మీటర్లు, పది సెంట్ల మడి భుజం సుమారు 20 మీటర్లు. చేను నడుమ నిలబడితే ఒక్క మంచి కొలత చాలు. గట్టు మీద నిలబడితే అరవై కొలతలూ పక్క కమతంలో పడవచ్చును. నిలబడే చోటును నేర్పడం కొలతల సంఖ్యను పెంచడం కంటె చౌక.

కాలాంతరాన్ని నిర్ణయించవలసినది పంటే. ఈ విషయంలో వ్యవసాయ శాస్త్రం చెప్పగలిగినది సాఫ్ట్‌వేర్ రూపకర్తలు చెప్పలేరు. మినుము 70 నుండి 90 రోజుల్లో చేతికి వస్తుంది. మొలకెత్తిన తొలి వారాల్లో మినుము, పెసర ఛాయాచిత్రంలో ఇంచుమించు ఒకేలా కనబడతాయి. ఆ దశలో ఎన్నిసార్లు చిత్రం తీసినా సందేహం తీరదు. పూతకు వచ్చాక ఒక్క చిత్రం చాలు. కందిలో అంతరపంటగా మినుము వేసిన చేలో వ్యవహారం ఇంకా చిక్కు. ముందుగా వెళ్ళినవారికి మినుమే కనబడుతుంది, మినుము కోసిన తరువాత వెళ్ళినవారికి కందే కనబడుతుంది. ఈ చేనుకు రెండు సందర్శనలు కావాలి, ఆ రెండూ సరియైన వారాల్లో జరగాలి. వరుసగా అయిదు వారాలు వెళ్ళినా ఆ వారాలు తప్పితే నమోదు సగమే. దీనికి భిన్నంగా నిమ్మ, బత్తాయి, మామిడి తోటలు ఒక సీజనుకూ మరొక సీజనుకూ మారవు. తోట ఉన్నదని ఉపగ్రహ చిత్రంతో నిర్ధారించుకొని, మార్పు కనబడినచోటికే మనిషిని పంపితే మిగిలిన శక్తి, కాలం పప్పుధాన్యాల చేలకు దక్కుతాయి.

నెల్లూరుకు మరొక ప్రత్యేకత ఉన్నది. రాష్ట్రంలో అనేక జిల్లాలు నైరుతి రుతుపవనాల మీద ఆధారపడితే ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వాటాయే అధికం. అక్టోబరు, నవంబరు వానలను బట్టి విత్తులు ముందుకో వెనుకకో జరుగుతాయి. రాష్ట్రమంతటికీ ఒకే గడువు పెట్టినప్పుడు మెట్ట మండలాల సహాయకులు కొన్ని చేలకు మరీ ముందుగా, మరికొన్నిటికి గడువు చివరి రోజుల్లో పరుగు మీద వెళ్ళవలసి వస్తుంది. ఆ చివరి రోజుల్లోనే బ్యాటరీ మీద, సర్వర్ మీద, మనిషి మీద భారం ఒక్కసారిగా పడుతుంది.

కొలిచే వస్తువు వేగాన్ని బట్టి కొలత ఉండాలన్నది కొత్త సంగతి కాదు. స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు గంటగంటకూ సమాచారం పంపుతాయి, వాన తీవ్రత అంత త్వరగా మారుతుంది కనుక; వాటికి సౌర ఫలకం కూడ ఉన్నది. పొరుగున ఉన్న ప్రకాశం జిల్లాతో సహా ఏడు జిల్లాల్లో ఈ శతాబ్దపు తొలి దశకంలో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టులో రైతులు వర్షపాతాన్ని రోజూ, బోరుబావుల నీటిమట్టాన్ని పదిహేను రోజులకొకసారి కొలిచి, ఆ లెక్కలతోనే రబీ పంటల నీటి బడ్జెట్టు వేసుకొన్నారు.

తరచు కొలతను కోరేవారి వాదనలో బలం లేకపోలేదు. సమాచారం సాయంత్రం వరకు పరికరంలోనే ఉంటే మార్చివేసే అవకాశం ఉంటుందనీ, సిబ్బంది నిజంగా చేనుకు వెళ్ళారో లేదో తెలియదనీ వారి ఆందోళన. అయితే సర్వర్‌కు ఎప్పుడు చేరిందన్నది అక్రమాలను ఆపదు. నమోదు క్షణంలోనే స్థానం, కాలం, చిత్రం మూడింటినీ కలిపి పరికరమే డిజిటల్ సంతకంతో ముద్ర వేస్తే, ఆ తరువాత ఎప్పుడు పంపినా మార్చడం సాధ్యం కాదు. పై అధికారుల పునఃపరిశీలనకు కమతాలను యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తే ఆ ముద్ర నిజమో కాదో తేలుతుంది. మనిషి కదలికను దినమంతా పటం మీద చుక్కగా చూడటం పర్యవేక్షకునికి తృప్తినివ్వవచ్చును. ఆ చుక్క చేలో ఉన్నది మినుమో పెసరో చెప్పదు.

పరికరాల కొనుగోలు నియమాల్లోనూ ఈ దృష్టి అవసరం. లిథియం అయాన్ బ్యాటరీ సాధారణంగా 500 చార్జింగుల తరువాత 80 శాతం సామర్థ్యానికి దిగుతుంది, అంటే రోజూ వాడితే రెండేళ్ళ లోపే. బ్యాటరీ మార్పిడిని నిర్వహణ ఖర్చులో చేర్చకుండా యాప్‌కు కొత్త పనులు చేర్చడం సరికాదు. సిబ్బందికి పవర్ బ్యాంకు ఇవ్వడం తాత్కాలిక ఉపశమనమే అయినా, రబీ నమోదు మొదలయ్యే లోపు చేయగలిగిన పని అదే.

వివాదాన్ని తేల్చడానికి ఖర్చులేని మార్గమొకటి ఉన్నది. ప్రతి నమోదుతో పాటు బ్యాటరీ శాతాన్ని, సిగ్నల్ బలాన్ని కూడ పరికరం రాసుకొనేటట్లు చేయవచ్చును; అదనంగా పట్టేది కొన్ని బైట్లు మాత్రమే. కొండాపురం వంటి మండలంలో కొన్ని గ్రామాలకు వెంటనే పంపే పద్ధతిని, మరికొన్నిటికి నిల్వచేసి సాయంత్రం పంపే పద్ధతిని ఒక రబీ కాలం అమలుచేసి, పునఃపరిశీలనలో తేలిన తప్పులను బ్యాటరీ శాతంతో పోల్చి చూడాలి. బ్యాటరీ 20 శాతం కంటె దిగువన ఉన్నప్పుడు చేసిన నమోదుల్లో తప్పులు ఎక్కువగా ఉన్నాయో లేదో ఆ పట్టికలోనే తెలుస్తుంది.